ముందు మా అన్నయ్యకే వేశాను

బోర్డుల కొట్టు, మెట్ల కింది బల్ల
ఫిబ్రవరి 18

సూదులమ్మ తల్లికి,

కొండమీద ఫోన్ పలకదనీ, ఉత్తరాలే దిక్కనీ నువ్వు చెప్పినప్పుడు మీ వదిన ‘అయ్యో’ అంది గానీ నాకు లోపల్లోపల సంబరమే. ఇరవై రెండేళ్ళుగా ఈ బజారులో ప్రతి కొట్టు పేరూ నా చేత్తోనే రాశాను. నా మాట నేను రాసుకున్నది మాత్రం లేదు. పైగా ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనిస్తావా?

ముందు నా భుజం సంగతి. నువ్వు పొడిచిన చోట రెండు రోజులు నొప్పి పెట్టి మానేసింది. కానీ ఆ రోజు హాల్లో నువ్వు చేసిన పని మాత్రం మర్చిపోను. జనం చలికాలపు జ్వరానికి వేసే టీకాకి వెనకాముందాడుతుంటే మైకు పుచ్చుకుని “ముందు మా అన్నయ్యకే వేస్తాను, కళ్ళారా చూసుకోండి” అన్నావు. నేను నిజంగానే కళ్ళు మూసుకున్నాను. హాలంతా గొల్లున నవ్వింది. పక్క కొట్టు దర్జీ ఇప్పటికీ నన్ను చూస్తే కళ్ళు మూసుకుని భుజం చూపిస్తున్నాడు.

అసలు కబురు. మలుపులో కడుతున్న మూడంతస్తుల బట్టల కొట్టుకి నుదుటి బోర్డు, అదే ముందు గోడ మీది పెద్ద పేరు, నాకే ఇచ్చారు. అందరూ అచ్చు వేసిన గుడ్డ బోర్డులు తగిలించుకుంటుంటే ఆ పెద్దాయన “నాకు చేత్తో రాసిన అక్షరం కావాలి” అన్నాడు. ఒక్కో అక్షరం మనిషెత్తు! గోడకి సుద్దదారం కొట్టి గీతలు గీశాను. మొదటి నాలుగు అక్షరాలకి తెల్లరంగు కూడా పడింది.

ఒకటే చిరాకు. ఈ వారం నా నిచ్చెనకి ఎవరో రెండు మెట్లు కలిపినట్టుంది. ఎక్కేసరికి తొడలు పట్టేస్తున్నాయి. నలభై నాలుగేళ్ళు వచ్చాయి కదా, వయసు మెట్ల మీదే బయటపడుతుందని దర్జీ అంటున్నాడు. వాడికి యాభై ఆరు, వాడి కొట్టుకి మెట్లు లేవు.

నువ్వు తింటున్నావా? మీ వదిన అడగమంది. నేనూ అడుగుతున్నాను.

నీ అన్నయ్య


కొండమీది ఆరోగ్య కేంద్రం, మందుల గది
మార్చి 3

నిచ్చెన మీది మహారాజుకి,

నీ ఉత్తరం గురువారం జీపులో వచ్చింది. జీపు డ్రైవరు కవరు మీద నీ దస్తూరీ చూసి “ఇది అచ్చేశారా, రాశారా?” అని అడిగాడు. నేను గర్వంగా “మా అన్నయ్య రాశాడు” అన్నాను. నీకు చెప్పకూడదనుకున్నాను, నీ తల ఇప్పటికే పెద్దది.

ఇక్కడ రెండు గదులు. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో ఫ్రిజ్. ఫ్రిజ్‌కే పెద్ద గది ఇచ్చారు, ఎందుకంటే టీకాలు చెడిపోతే మళ్ళీ జీపు వచ్చేదాకా లేవు. నేను చెడిపోతే పర్లేదని వాళ్ళ ఉద్దేశం కాబోలు. నాతోపాటు ఇంకో నర్సు ఉంది, చదువు ముగించి మొన్ననే వచ్చింది. నన్ను ‘అక్కా’ అంటుంది, నా గొడుగు నాకంటే ఎక్కువ వాడుతుంది.

క్రితం చలికాలం ఈ కొండల్లో ఆ జ్వరానికి ముగ్గురు పోయారట. అయినా టీకా అంటే జనానికి బెదురే. అందుకే నీ కథ వాడుకుంటున్నాను, కోపగించుకోకు. “నేను ఊరికే చెప్పట్లేదు, ముందు మా అన్నయ్యకే వేశాను” అంటాను. ఆ మాట బ్రహ్మాస్త్రంలా పని చేస్తోంది. మొదటి వారం ఇరవై ఆరుగురు వేయించుకున్నారు. ఒక్క గొర్రెలావిడ మాత్రం నడుం మీద చెయ్యేసుకుని “మీ అన్న మీద నీకేం కోపమే?” అని అడిగింది. పోయిన ముగ్గురిలో ఆవిడ భర్త ఒకడు. అందరికంటే ముందు ఆవిడకే వెయ్యాలని నా పంతం. ఆవిడ పంతం ఆవిడది.

తింటున్నాను. లావయ్యాను కూడా. తొడనొప్పికి ఆ నిచ్చెన నాలుగు రోజులు దిగి కూర్చో, కొంపలేం మునగవు.

నీ చెల్లి


బోర్డుల కొట్టు, మెట్ల కింది బల్ల
మార్చి 20

చెల్లాయ్,

నవ్వుకోవడానికి సిద్ధంగా ఉండు. నీ అన్నయ్య అందగాడయ్యాడు. పది రోజులుగా కళ్ళ రెప్పలు ఊదారంగులోకి తిరిగాయి. చిన్నప్పుడు మనం తిన్న నేరేడుపళ్ళ నాలికలా ఉన్నాయి. పొద్దున్నే దర్జీ చూసి “ఏ నాటకంలో వేషం?” అన్నాడు. వేళ్ళ కణుపుల మీద కూడా ఎర్రగా, పొట్టు లేస్తున్నట్టు మచ్చలు. రంగులో కలిపే టర్పెంటైన్ పడలేదేమో అని డబ్బా మార్చాను. ఇరవై రెండేళ్ళు పడి ఇప్పుడు పడకపోవడమేమిటో మరి.

ఇంకా వినోదం ఉంది. ముక్కాలి పీట మీద కూర్చుంటే లేవలేను. మీ వదిన బావిలోంచి చేద లాగినట్టు రెండు చేతులూ పట్టి లాగుతుంది. నిన్న లాగుతూ లాగుతూ ఆవిడే నా ఒళ్ళో కూలబడింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి ఈ వేడుకేమిటని ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఎంతకీ బయటికి రాలేదు.

బోర్డు పని ఆగింది. నిచ్చెన ఎక్కుతున్నాను గానీ పైకెత్తిన చెయ్యి అక్కడ నిలబడదు. అక్షరం ఒళ్ళంతా బాగానే వస్తుంది, పైన తలకట్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యి జారి కిందకొచ్చేస్తుంది. అక్షరాలకి తలకట్టు, నాకు దువ్వెన – రెండూ అందడం లేదు. తల మీ వదిన దువ్వుతోంది. పాపిడి నాకు నచ్చని వైపు తీస్తోంది.

ఇంకోటి. ఈమధ్య మంచినీళ్ళు తాగినా పొలమారుతోంది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నట్టు అంటారు కదా, ఈ లెక్కన ఊరంతా పని మానేసి నన్నే తలుచుకుంటోంది.

నువ్వు కంగారుపడకు. వేసవి కదా, నీరసం.

అన్నయ్య


కొండమీది ఆరోగ్య కేంద్రం
మార్చి 27

అన్నయ్యా,

నాకు నవ్వు రాలేదు.

జీపు తిరిగి వెళ్ళేలోపు రాస్తున్నాను. డ్రైవరుని పావుగంట ఆపాను. ఈ ఉత్తరం అందిన రోజే పెద్దాసుపత్రికి వెళ్ళు. మర్నాడు కాదు. డాక్టరుకి ఈ మాటలు ఇలాగే చెప్పు: కూర్చుంటే లేవలేను, చెయ్యి తల పైకి లేవదు, రెప్పలు ఊదారంగు, కణుపుల మీద మచ్చలు, మింగితే పొలమారుతోంది. పొలమారడం జోకుగా చెప్పకు. రక్తంలో సీకే చూడమని అడుగు. కండరం దెబ్బతింటే రక్తంలోకి కారేది అదే. ఊపిరితిత్తులు కూడా చూడమను.

నీళ్ళు చిన్న గుక్కలుగా, నిటారుగా కూర్చుని, గడ్డం దించి తాగు. పడుకుని ఏదీ మింగకు. నిచ్చెన ఎక్కావంటే నేను కొండ దిగి వస్తాను.

వదినా, ఇది నువ్వు కూడా చదువుతావని తెలుసు. తీసుకెళ్ళు. మాట వినకపోతే ఆ రెండు చేతులూ పట్టి లాక్కెళ్ళు.

చెల్లి


పెద్దాసుపత్రి, మూడో వార్డు, పదకొండో మంచం
ఏప్రిల్ 15

డాక్టరు కాని డాక్టరమ్మకి,

నువ్వే గెలిచావు. సీకే రెండొందల లోపు ఉండాలట. నాది ఆరువేల నాలుగొందలు. చిన్నప్పుడు ఏ పరీక్షలోనూ నాకు ఇన్ని మార్కులు రాలేదు. చీటీ చూసి కుర్ర డాక్టర్లు ఒకళ్ళ వెనక ఒకళ్ళు వచ్చి నా రెప్పలు చూసి పోతున్నారు. పెళ్ళిచూపులక్కూడా ఇంతమంది రాలేదు.

జబ్బు పేరు డెర్మటోమయోసైటిస్. పేరు పలకడం నేర్చుకునేలోపే సగం నయమవుతుందనుకుంటున్నాను. ఈ పేరు బోర్డు మీద రాయాలంటే గోడ చాలదు. కీళ్ళ డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. “ఒంట్లో కాపలా కాసే సైన్యం ఉంటుంది కదా, అది శత్రువెవరో పోల్చుకోలేక నీ కండరాల మీదే పడింది” అంది. ఇంటి కుక్క ఇంటాయన్నే కరిచినట్టన్నమాట. నా కుక్క మరీ తొడలు, భుజాలు ఏరుకుని కరుస్తోంది.

తొడలోంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. కండరాల్లో సూదులు గుచ్చి కరెంటు కూడా చూశారు. నీ సూది దాని ముందు దోమకాటు, ఇంకెప్పుడూ కళ్ళు మూసుకోను. ఊపిరితిత్తులు బాగున్నాయి. ఇలాంటి జబ్బు వెనక ఎక్కడైనా గడ్డ దాక్కుంటుందేమో అని ఒళ్ళంతా వెతికారు. ఏదీ లేదు. ఆ రెండు రోజులు మాత్రం నేను జోకులు వెయ్యలేదు.

స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మెత్తటి తిండి, చిన్న గుక్కలు, గడ్డం దించి. నువ్వు చెప్పినట్టే వీళ్ళూ చెప్పారు. మీ వదిన “మా ఆడపడుచు ఎప్పుడో చెప్పింది” అని వార్డంతా వినపడేలా అంది.

ఏవేవో అడిగారు, ఏదో చెప్పాను. చెయ్యి నొప్పెడుతోంది, ఇక్కడితో ఆపుతాను.

అన్నయ్య


కొండమీది ఆరోగ్య కేంద్రం, మందుల గది
ఏప్రిల్ 24

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి గదిలో తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత మళ్ళీ చదివి నవ్వాను. మూడోసారి చదివినప్పుడు చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

‘ఏవేవో అడిగారు’ అంటే ఏమడిగారు? ‘ఏదో చెప్పాను’ అంటే ఏం చెప్పావు?

నేనూ ఆ పనిలోనే ఉన్నాను. ఇలాంటి జబ్బుకి ముందు ఏ మందులు వాడావు, ఏ జ్వరం వచ్చింది, ఏ టీకా వేయించుకున్నావు అని అడగకుండా ఎవరూ వదలరు. నీకు నేను టీకా వేసింది జనవరి ఇరవై ఎనిమిదిన. నిచ్చెనకి రెండు మెట్లు పెరిగాయని రాసింది ఫిబ్రవరి పద్దెనిమిదిన. ఇరవై ఒక్క రోజులు. ఈ అంకె నాకు వేళ్ళ మీద లెక్కపెట్టక్కర్లేకుండా తెలుసు.

నాకు తిన్నగా జవాబు రాయి.

ఇక్కడంతా మామూలే. ఈ నెల రిజిస్టరు పని నేను చూస్తున్నాను, సూదులు కొత్తమ్మాయి వేస్తోంది. తనకీ చెయ్యి తిరగాలి కదా.

చెల్లి


ఇల్లు, కిటికీ పక్క మంచం
మే 8

చెల్లాయ్,

ఇంటికొచ్చేశాను. సీకే రెండువేలకి దిగింది. మొహం మాత్రం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా తయారైంది. అద్దంలో ఎవరో కొత్తాయన పలకరిస్తున్నాడు. ఆకలి సంగతి చెప్పకూడదు. పొద్దున మీ వదిన నా పళ్ళెం వైపు చూసి తన పళ్ళెం అవతలికి జరుపుకుంది.

తిన్నగా రాయమన్నావు. సరే. టీకా సంగతి డాక్టరమ్మ అడిగింది. వేయించుకున్నానన్నాను. ఎప్పుడంటే గుర్తులేదన్నాను. ఎవరు వేశారంటే ఎవరో నర్సు అన్నాను. అంతే. అది పెద్ద అబద్ధమేం కాదు, నువ్వు నర్సువే కదా.

డాక్టరమ్మ చెప్పింది కూడా రాస్తాను, నువ్వు అనవసరంగా నెత్తిన వేసుకోకుండా. “టీకా తర్వాత ఇలా రావడం చాలా చాలా అరుదు. ఏ టీకా వేయించుకోని వాళ్ళకీ ఇదే జబ్బు వస్తుంది. నీ విషయంలో కారణం అదేనా అంటే నేను చెప్పలేను. చెప్పలేనంటే అవుననీ కాదు, కాదనీ కాదు” అంది. కాకి వాలగానే తాటిపండు పడిందనుకో. కాకి బరువుకే పడిందో, పండిపోయి పడిందో చెట్టుకే తెలియాలి. మరి కాకిని పట్టుకుని కొట్టడమెందుకు?

బట్టల కొట్టు బోర్డు వేరేవాళ్ళు పూర్తిచేశారు. పెద్దాయన స్వయంగా వచ్చి చెప్పుకున్నాడు, పాపం కళ్ళెత్తి చూడలేకపోయాడు. అచ్చు బోర్డే పెట్టారు. నేను రాసిన నాలుగక్షరాలూ దాని వెనకే ఉన్నాయట. ఉండనీ.

అన్నయ్య

మరదలు పిల్లా, నేను వదినని. ఆయన స్నానానికి వెళ్ళారు, గబగబా రాస్తున్నాను. టీకా తర్వాత ఏదైనా జరిగితే తెలియజేసే ఫారం ఒకటి ఉంటుందట. డాక్టరమ్మ అది ఇస్తే ఈయన నాలుగు మడతలు పెట్టి కిటికీ కింద సందులో దోపారు. ‘దాంట్లో వేసినవాళ్ళ పేరు రాయాలి. అది నా చేత్తో రాయను’ అన్నారు. ఊరందరి పేర్లూ రాసిన చెయ్యి. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నేను చెప్పలేదు, రాశాను. నాకు నీ మీద ఏమీ లేదే పిల్లా. మొదట్లో ఓ రెండు రోజులు ఉండింది, అదీ నీకు చెప్పేస్తున్నాను. ఇప్పుడు లేదు.


కొండమీది ఆరోగ్య కేంద్రం, మెట్ల మీద కూర్చుని
మే 16

అన్నయ్యా,

ఎవరో నర్సునా నేను? బోర్డు మీద ఒత్తు తప్పు పడితే ఇరవై ఏళ్ళయినా మర్చిపోనివాడివి, నీకు తేదీ గుర్తులేదా? అబద్ధం ఆడటం కూడా చేతకాదు నీకు.

ఫారం నేనే నింపాను. మా దగ్గర కట్టలు కట్టలు ఉన్నాయి. నీ పేరు, తేదీ, టీకా సీసా మీది నంబరు, అన్నీ నా పాత రిజిస్టరులో ఉన్నాయి. ‘వేసినవారు’ అన్నచోట నా పేరు రాసి సంతకం పెట్టాను. జీపులో తనిఖీకి వచ్చిన మా పెద్ద డాక్టరుగారికి చూపిస్తే అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని “ఇది నేరం ఒప్పుకునే కాయితం కాదమ్మా. ఇలాంటివి నలుమూలల నుంచీ చేరితేనే కదా ఏది కాకో, ఏది పండో తేలేది” అన్నారు. నీ కాకి సంగతి ఆయనకి చెప్పాను మరి. నువ్వు ఆ కాయితం సందులో దోపితే నన్ను కాపాడినట్టు కాదు అన్నయ్యా. రేపు ఇంకో మనిషికి ఇలా అయితే, ఇదే మొదటిదనుకుంటారు.

నేను కూడా ఒకటి దాచాను. కొత్తమ్మాయికి చెయ్యి తిరగాలని రాశాను కదా. ఆ పిల్ల చెయ్యి ఎప్పుడో తిరిగింది. తిరగనిది నాది. ఏప్రిల్ నుంచి సూది పట్టుకుంటే వేళ్ళు వణుకుతున్నాయి. మందు సిరంజిలోకి ఎక్కిస్తాను, ఎదుటివాళ్ళ భుజం చూస్తాను, అది నీ భుజమే అవుతుంది. ఆ మైకు నా చేతిలో ఎవరు పెట్టారా అనిపిస్తుంది.

మొన్న శనివారం పద్దెనిమిది మంది టీకాకి వచ్చారు. నేను బల్ల దగ్గర పేర్లు రాస్తున్నాను. గొర్రెలావిడ వరసలో లేదు, గుమ్మానికి ఆనుకుని చోద్యం చూస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

“ఏమ్మా, ముందు మీ అన్నకే వేశానంటివి. మీ అన్న ఎలా ఉన్నాడు?”

బాగున్నాడు అందామని నోరు తెరిచాను. రాలేదు.

“బాలేడు. కండరాల జబ్బు చేసి ఆసుపత్రి పాలై, ఇప్పుడే ఇల్లు చేరాడు. టీకా వేసిన మూడు వారాలకి మొదలైంది” అన్నాను.

కొత్తమ్మాయి చేతిలో దూది కింద పడింది. నేనే లేచి, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. టీకా వల్లో కాదో తెలియదని, లక్షల మందికి ఏమీ కాదని, ఆ జ్వరం మాత్రం క్రితం ఏడు ఇక్కడే ముగ్గురిని తీసుకుపోయిందని. “నేను ఇన్నాళ్ళూ సగమే చెప్పాను, ఇదీ మిగతా సగం. ఇప్పుడు మీ ఇష్టం” అన్నాను.

పదకొండు మంది వెళ్ళిపోయారు. ఏడుగురు ఉన్నారు. గొర్రెలావిడ వెళ్ళలేదు, వేయించుకోనూ లేదు. “ఇప్పుడు నువ్వు మనిషిలా మాట్లాడావు” అని గొర్రెల వెనక నడిచింది.

తిట్టాలనుంటే తిట్టు. నవ్వించకు.

చెల్లి


ఇల్లు, వీధి అరుగు
ఆగస్టు 2

చెల్లాయ్,

నవ్వించొద్దన్నావు కదా అని రెండు నెలలు రాయలేదు. నవ్వించకుండా రాయడం నాకు రాదు.

ముందు ఆ ఫారం సంగతి. చదివినరోజు నీ మీద కోపం వచ్చింది. మర్నాడు నా మీద వచ్చింది. మూడోనాడు సందులోంచి నాలుగు మడతల కాయితం తీసి డాక్టరమ్మకి ఇచ్చేసి, తేదీ గుర్తొచ్చిందన్నాను. ఆవిడ నవ్వలేదు. “మీ చెల్లెలు పంపిన రిపోర్టు మా దాకా వచ్చింది. ఇంత శుభ్రంగా నింపినది నేను చూడలేదు” అంది. ఆ ఫారాలు పరిశీలించే కమిటీ వాళ్ళ జవాబు కూడా మొన్న వచ్చింది. ‘కాలరీత్యా సంబంధం ఉన్నది, కారణమని నిర్ధారించుటకు ఆధారము చాలదు, లెక్కలో చేర్చబడినది.’ మీ వదిన గట్టిగా చదివి, “అంటే ఏం తేలినట్టు?” అంది. “తెలియదని తేలింది” అన్నాను. చెల్లాయ్, నేను దానితో బతకగలను. తెలియని దానికి ఎవరినో ఒకరిని నిందించుకుంటూ బతకడమే కష్టం.

ఇక నీ చెయ్యి. నిజం చెప్తున్నాను, విను. నీ వేళ్ళు వణుకుతున్నాయని చదివినప్పుడు పడ్డ బాధ తొడలో ముక్క కోసినప్పుడు పడలేదు. నాకు వచ్చిన జబ్బుకి మందుంది, మింగుతున్నాను. నువ్వు సూది పట్టడం మానేస్తే ఒకడి జబ్బు ఇద్దరికి వచ్చినట్టు. దానికి మందెక్కడ తెచ్చేది?

కబుర్లు చెప్తాను. స్టెరాయిడ్ తగ్గించారు, వారానికోసారి వేసుకునే మాత్ర కలిపారు. పొలమారడం పోయింది, ఊరు నన్ను మర్చిపోయి పనుల్లో పడింది. పీట మీంచి నేనే లేస్తున్నాను, మధ్యలో ఒకసారి గోడని పలకరించి. వ్యాయామం నేర్పే ఆమె రెండు చేతులూ పైకెత్తమంటుంది. నిన్న చెవుల దాకా వచ్చాయి. దొంగ దొరికిపోయినట్టు ఉంటుంది ఆ భంగిమ.

పని మళ్ళీ మొదలైంది. నిచ్చెన లేదు. బోర్డునే బల్ల మీద పడుకోబెట్టి, మోచెయ్యి ఆనించి రాస్తున్నాను. పొద్దున రెండు అక్షరాలు, సాయంత్రం రెండు. నిదానంగా రాస్తే ఇంత బాగా వస్తాయని తెలిసుంటే ఇరవై ఏళ్ళు పరిగెత్తేవాడిని కాదు. దర్జీ తన కొట్టుకి కొత్త బోర్డు అడిగాడు. ‘వయసు మెట్ల మీదే బయటపడును’ అని కింద చిన్నగా రాసి ఇచ్చాను. తగిలించేశాడు, ఇంకా చదువుకోలేదు.

మీ కేంద్రానికి బోర్డు లేదట కదా, జీపు డ్రైవరు ఇటొచ్చినప్పుడు చెప్పాడు. వచ్చే నెల వస్తున్నాం. ప్రయాణానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. టీకా నాకు ఇప్పుడే వద్దంది, జబ్బు బాగా అణిగాక ఆలోచిద్దామంది. “కానీ నీ ఒంట్లో కాపలా బలహీనంగా ఉంది, చుట్టూ ఉన్నవాళ్ళు తప్పకుండా వేయించుకోవాలి” అంది. మీ వదిన ఆసుపత్రిలో వేయించుకోనని భీష్మించుకుంది. ఎక్కడ వేయించుకుంటుందో నేను చెప్పను. నువ్వు తెలివైనదానివి.

అన్నయ్య


కొండమీది ఆరోగ్య కేంద్రం, మందుల గది
సెప్టెంబరు 21

అన్నయ్యా, వదినా,

మీరు దిగి వెళ్ళి నాలుగు రోజులైంది. కొత్తమ్మాయి ఇంకా అన్నయ్య జోకులే చెప్పి ఫ్రిజ్‌ని కూడా నవ్విస్తోంది.

వదినా, ఆ రోజు నీతో ఏమీ అనలేకపోయాను. నువ్వు వచ్చీ రాగానే చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని “కానీ” అన్నావు. నా వేళ్ళు వణుకుతున్నాయని నీకు తెలుసు. చూసి కూడా తల తిప్పి కిటికీ వైపు “ఆ మేఘం ఏనుగులా లేదూ?” అన్నావు. నేను ఆ మేఘం చూడలేదు. నీ భుజమే చూశాను. అది నీ భుజమే, ఇంకెవరిదీ కాదు. అప్పుడు చెయ్యి ఆగింది.

అన్నయ్యా, మా మెట్లు నలభై ఒకటి. నువ్వు రెండుచోట్ల ఆగి ఎక్కావు. ఆగినప్పుడల్లా ‘చూడదగ్గ దృశ్యం’ అని కొండల వైపు తిరిగావు. రెండోసారి నువ్వు తిరిగింది మా బాత్రూము గోడ వైపు. ముందు గోడ మీద కేంద్రం పేరు నీ మోచెయ్యి ఆనే ఎత్తులోనే రాశావు కదా, అది సరిగ్గా పిల్లల కళ్ళకి ఎదురుగా పడింది. బడికి పోతూ ఆగి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నారు.

నువ్వు రాస్తుంటే ఆడవాళ్ళు చుట్టూ చేరి అడగడం నేను లోపల్నుంచి విన్నాను. “టీకా వల్లే వచ్చిందా?” అంటే “తెలియదమ్మా, చదువుకున్నవాళ్ళకే తెలియలేదు” అన్నావు. “మళ్ళీ వేయించుకుంటావా?” అంటే “మా డాక్టరమ్మ సరేనన్న రోజున. ఈలోగా మా ఆవిడకి వేయించాను. వేసింది ఇదిగో, లోపల నక్కి వింటోందే, ఆ మనిషే” అన్నావు. నేను నక్కలేదు. దూది సర్దుతున్నాను.

ఇవాళ టీకాల రోజు. ముప్పై ఒక్క మందికి వేశాను. నేనే వేశాను. మే నెలలో వెళ్ళిపోయిన పదకొండు మందిలో ఆరుగురు వచ్చారు, ఐదుగురు రాలేదు. రాకపోయినా దారిలో పలకరిస్తున్నారు, అది చాలు ఇప్పటికి.

పెట్టె మూసేస్తుండగా గొర్రెలావిడ వచ్చింది. గొర్రెల్ని బయట మెట్ల మీద వదిలి లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

“మీ అన్నకి ఎట్లా మొదలైందో మొదట్నుంచీ చెప్పు” అంది.

చెప్పాను. హాలు, మైకు, నువ్వు కళ్ళు మూసుకోవడం, నిచ్చెన, ఊదా రెప్పలు, ఆరువేల నాలుగొందలు, తొడ ముక్క, ఆగిపోయిన బోర్డు, కమిటీ జవాబు. ఏదీ తగ్గించలేదు, ఏదీ పెంచలేదు. బయట గొర్రెలు అరుస్తున్నా ఆవిడ అటు చూడలేదు.

“క్రితం చలికాలం మా ఆయనకి ఊపిరాడక ఎట్లా అయిందో అది నేను చూశాను. ఇది నువ్వు చూశావు” అంది.

తర్వాత తనే రవికె చెయ్యి పైకి మడిచింది.

“సరే, వెయ్యి.”

వేశాను.

మీ
చెల్లి